బెజవాడ కమాన్లు, కొండవీటి మలుపులు

గురువారం పొద్దున, ఆటోనగర్

ఆటోనగర్‌లో దారి అడిగితే వీధి పేరు ఎవరూ చెప్పరు. "రేడియేటర్ల లైన్లోకెళ్లి, లారీ తొట్లు కట్టే షెడ్డు దగ్గర ఎడంచేతికి తిరిగి, కమాన్ల కొలిమి వాసనొచ్చేదాకా పొండి" అంటారు. నిజంగానే ముక్కు పట్టుకుని వెళ్లాల్సిన చోటు అది. మొదటి గంటలో రెండుసార్లు దారి తప్పి, రెండుసార్లూ ఒకే టైర్ల కొట్టు ముందు తేలాం. రెండోసారి ఆ కొట్టాయన కుర్చీలు లాగి టీ చెప్పాడు. "మళ్లీ ఇక్కడికే వస్తారని తెలుసులెండి" అన్నాడు. టీ పది రూపాయలు, ఎంత అడిగినా తీసుకోలేదు.

బండి పాత మారుతి జిప్సీ కింగ్. 1298 సీసీ, 16 వాల్వుల ఇంజను, కంపెనీ లెక్కలో 80 హార్స్‌పవర్. దాన్ని మట్టిరోడ్ల మీద జరిగే కార్ల పోటీకి, అంటే ర్యాలీకి, సిద్ధం చేయాలి. కోయంబత్తూరులోనో చెన్నైలోనో అయితే ఇదే వృత్తిగా ఉన్నవాళ్లు దొరుకుతారు. మరి బెజవాడ ఎందుకంటే, ఒకసారి జిప్సీ కిందికి దూరి చూడాలి. నిచ్చెన చాసిస్, ముందూ వెనకా గట్టి ఇరుసులు, నాలుగు మూలలా కమాను కట్టలు, అంటే ఇనప పట్టీలు పేర్చిన స్ప్రింగులు. చిన్నసైజు లారీ. లారీని నిద్రలో కూడా విప్పి బిగించగల ఊరికి ఈ బండి ఏం కొత్త?

ముందు రోల్ కేజ్‌కి పైపు కొనాలి. బండి బోల్తాపడితే పైకప్పు నలిగి తలమీదికి రాకుండా ఆపే పంజరం ఇదే. పైపుల కొట్టులో కుర్రాడు చూపించిన మొదటి పైపు జీఐది. "షామియానాలకీ షెడ్లకీ అందరూ ఇదే వాడతారండీ" అన్నాడు. షామియానాకి బాగానే ఉంటుంది. జింకు పూత మీద వెల్డింగు పెడితే పొగ ఊపిరితిత్తులకు చేటు, పైగా అతుకులో బుడగలు మిగులుతాయి. రెండోది పూత లేని ఈఆర్‌డబ్ల్యూ పైపు. రేకును చుట్టి పొడుగునా అతికిందన్నమాట, వంచేటప్పుడు ఆ అతుకు దగ్గరే విచ్చుకోవచ్చు. ప్రపంచ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధన అడిగేది చల్లగా లాగి తీసిన, అతుకే లేని (సీమ్‌లెస్) కార్బన్ స్టీలు, చదరపు మిల్లీమీటరుకు కనీసం 350 న్యూటన్ల లాగుడు తట్టుకోవాలి. డ్రైవరు వీపు వెనక నిలబడే పెద్ద విల్లుకి 45 మిల్లీమీటర్ల పైపు 2.5 మందంతో గాని, 50 పైపు 2 మందంతో గాని ఉండాలి. మిగతా కడ్డీల్లో చాలావాటికి 38 పైపు 2.5తో, లేదా 40 పైపు 2తో.

ఆ రెండు కొలతల్లో ఏది మేలన్నది ర్యాలీ పిచ్చోళ్లు రాత్రంతా వాదించుకునే సంగతి. కాగితం మీద 50 పైపే గెలుస్తుంది. మీటరుకు 2.37 కిలోలు తూగుతుంది, 45 పైపైతే 2.62. తేలికగా ఉండి కూడా వంగకుండా నిలబడటంలో సుమారు 15 శాతం మెరుగు, ఎందుకంటే లోహం మధ్యగీతకు దూరంగా ఉంటుంది. కాని 2 మిల్లీమీటర్ల గోడను వంచితే లోపలి వంపులో మడత పడుతుంది, వెల్డర్ చెయ్యి ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగితే చిల్లు పడుతుంది. పని చేసే చెయ్యి మనకు పరిచయం లేనిదైతే 45 తీసుకోవడమే బుద్ధి. మేం తీసుకున్నదీ అదే.

వంచే దగ్గర అసలు పరీక్ష మొదలైంది. వంపు మధ్యగీత వ్యాసార్థం పైపు వ్యాసానికి కనీసం మూడింతలుండాలి, అంటే 45 పైపుకి 135 మిల్లీమీటర్లు. వంచిన చోట పైపు కోడిగుడ్డులా అణిగితే చిన్న కొలతను పెద్ద కొలతతో భాగించాలి, 0.9కి తగ్గకూడదు. సైలెన్సర్ గొట్టాలు వంచే షెడ్డులో ఒక ముక్క వంచి చూపించారు. వెర్నియర్ కొలబద్ద పెడితే ఒకవైపు 48, ఇంకోవైపు 40. భాగిస్తే 0.83, పనికిరాదు. నాలుగు షెడ్ల అవతల, బస్సుల హ్యాండ్‌రైళ్లు చేసే పెద్దాయన దగ్గర పైపు లోపల గుండు దూర్చి వంచే మిషను ఉంది. అక్కడ 46.2, 43.1 వచ్చాయి. 0.93. వెర్నియర్ ఆయన తన చేతుల్లోకి తీసుకుని మళ్లీ కొలిచి, "పొయ్యేది ప్రాణం గదా, కొలవాల్సిందే" అని తిరిగి ఇచ్చాడు. వంపుకు 120 రూపాయలు.

పైపు కాళ్లు రేకు మీద ఊరికే నిలబడకూడదు. ఒక్కో కాలి కింద 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్లకు తగ్గని ప్లేటు ఉండాలి. బోల్టులతో బిగిస్తే 8.8 గ్రేడు ఎం8 బోల్టులు ఒక్కో కాలికి కనీసం మూడు. ప్లేటు లేకపోతే బోల్తాలో ఆ పైపే నేలరేకును చీల్చుకుని కిందికి దిగిపోతుంది, పైకప్పు ఎంత గట్టిగా ఉన్నా దండగే. కేజ్ బండిలోకి వెళ్లేది మాత్రం కొండవీడు వెళ్లి వచ్చాకే. హెల్మెట్ లేకుండా రోడ్డు మీద తిరిగే బండిలో తల పక్కన ఇనప్పైపు ఉండటం రక్షణ కాదు, చిన్న గుద్దుకే పుర్రె పగలగొట్టే సుత్తి.

మధ్యాహ్నం, కమాన్ల కొలిమి

భోజనం ఆటోనగర్‌లోనే, రేకుల పందిరి కింద మెస్సులో. 90 రూపాయలకు ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర, రసం, గడ్డపెరుగు. గ్రీజు చేతులు కడుక్కోవడానికి సబ్బు పక్కన చిన్న గిన్నెలో రంపపు పొట్టు పెట్టారు. పొట్టుతో రుద్ది ఆ తర్వాత సబ్బు పెడితే గోళ్ల సందుల్లోంచి కూడా నలుపు పోతుంది. ఆ ఏర్పాటు చూసే ఆ మెస్సు మీద నమ్మకం కుదిరింది.

కమాను కట్టల షెడ్డులో యజమానికి అరవై దాటి ఉంటాయి. జిప్సీ పట్టీలు చూడగానే, "ఇంకో రెండు పట్టీలేస్తే రాయిలా ఉంటది" అన్నాడు. లారీకి అది సరైన మాటే. పది టన్నులు ఎక్కితే కట్ట కూర్చోకూడదు. ర్యాలీ బండికి కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. చక్రం గుంటలోకి దిగినప్పుడు నేలను వదలకూడదు, గుట్ట ఎక్కినప్పుడు బండి ఒళ్లు లేవకూడదు. అంటే కట్ట మెత్తగా ఉండాలి, చక్రం పైకీ కిందికీ కదిలే దూరం ఎక్కువుండాలి, ఎగరడాన్ని షాకబ్జర్ అదుపు చేయాలి. పట్టీలు పెంచితే చక్రం రాయి మీంచి రాయి మీదికి గెంతుతుంది. గెంతే చక్రానికి బ్రేకూ ఉండదు, పట్టూ ఉండదు. ఇది చెబితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. బండిని కొంచెం దూరం నడిపి, స్పీడ్ బ్రేకర్ మీద వెనక చక్రం గాల్లో తిరగడం చూశాక, "సరే, పట్టీ తీసేద్దాం, వంపు పెంచుదాం" అన్నాడు.

వంపు పెంచడం రెండు రకాలు. చల్లగానే సుత్తితో కొట్టి వంచితే కట్టకు 600 రూపాయలు, సాయంత్రానికి ఇచ్చేస్తారు. నెల తిరక్కుండా మళ్లీ కూర్చుంటుంది, ఎందుకంటే లోహం లోపల ఒత్తిడి అలాగే ఉండిపోతుంది. రెండోది కొలిమిలో కాల్చడం. కట్టకు 1,800, ఒక రోజు పడుతుంది. పట్టీ మందారం ఎరుపు దాటి నారింజకు దగ్గరపడగానే తీసి, అచ్చు మీద వంచి, నూనెలో ముంచుతారు. ఆ స్థితిలో అది గాజులాంటిది, కింద పడేస్తే విరగొచ్చు. మళ్లీ తక్కువ వేడికి తెచ్చి నెమ్మదిగా చల్లారనిస్తేనే స్ప్రింగు గుణం వస్తుంది. ఆ రెండో వేడి కొలవడానికి పెద్దాయన దగ్గర మీటరు లేదు, ఎండు పుల్ల ఉంది. పట్టీ మీద పుల్ల రాస్తే ఊరికే పొగొస్తే చాలదు. రవ్వలు లేస్తే సరి. పసుపు రంగుదాకా కాల్చిన పట్టీని మాత్రం ఆయన పక్కకు విసిరేశాడు. "అది చచ్చిపోయింది" అన్నాడు. ఎక్కువ వేడికి లోహం లోపలి రేణువులు పెరిగి పెళుసైపోతుంది. పైకి ఏ తేడా కనపడదు, ర్యాలీలో మాత్రం రెండో మైలుకే విరుగుతుంది.

ఒక్కటి మాత్రం మేం అడక్కుండానే చేశాడు. మొదటి పట్టీ చివర బుష్ దూరే చెవి ఉంటుంది. రెండో పట్టీ చివరను కూడా పొడిగించి, ఆ చెవి చుట్టూ కొంచెం వదులుగా చుట్టాడు. మిలిటరీ పట్టీ అంటారు. చెవి దగ్గర మొదటి పట్టీ విరిగినా రెండోది ఇరుసును పట్టుకుని ఉంటుంది. బండి కుంటుకుంటూనైనా, ర్యాలీ మధ్యలో బాగుచేసుకునే చోటు, సర్వీసు పాయింటు చేరుతుంది. ర్యాలీ ఇంజనీరింగులో సగం ఇలాంటిదే. విరగకుండా చూడటం ఒక ఎత్తు, విరిగాక ఇంటికి చేరడం ఒక ఎత్తు.

శుక్రవారం, గాంధీనగర్ ఇడ్లీ, మళ్లీ ఆటోనగర్

పొద్దున్నే గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ. వెన్నముద్ద కరిగేలోపే కారప్పొడి అద్దుకుని తినాలి, ఆలస్యమైతే ప్లేటంతా నూనె. పక్క బల్ల మీద ఇద్దరు లారీ ఓనర్లు డీజిలు రేటు గురించి కొట్టుకుంటున్నారు. మా బల్ల మీద నడిచింది ఆడి కంపెనీ ర్యాలీ కారు క్వాట్రో కథ.

1977 చలికాలంలో ఫిన్లాండ్ మంచులో ఆడి ఇంజనీర్లు కార్లు పరీక్షిస్తుంటే, వెంట తెచ్చుకున్న ఫోక్స్‌వాగన్ ఇల్టిస్ అనే మిలిటరీ జీపు, కేవలం 75 హార్స్‌పవర్‌తో, తమకన్నా బలమైన కార్లను వెనక్కి నెట్టింది. నాలుగు చక్రాలకూ బలం ఉండటమే కారణం. యోర్గ్ బెన్సింగర్ అనే ఇంజనీరు అక్కడే పట్టుకున్నాడు ఆ ఆలోచనను. అయితే ముందు, వెనక ఇరుసులకు బలం పంచడానికి జీపులో ఉండే బరువైన పెట్టె, ట్రాన్స్‌ఫర్ కేసు, కారులో పట్టదు. దానికి ఆడి వాళ్లు కనిపెట్టిన ఉపాయం గేర్‌బాక్సులో బోలు షాఫ్టు. బలం ఆ గొట్టం గుండా వెనక్కి వెళ్లి, ముందు వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల కూర్పు, సెంటర్ డిఫరెన్షియల్‌ను తిప్పుతుంది, అక్కణ్ణుంచి ఒక వాటా గొట్టం లోపలున్న సన్నటి షాఫ్టు మీదుగా ముందుకు తిరిగొస్తుంది. విడిగా ట్రాన్స్‌ఫర్ కేసే లేదు. 1980లో జెనీవా ప్రదర్శనలో కారు బయటికొచ్చింది. 1981 సాన్ రెమో ర్యాలీలో మిషెల్ మూటన్ దాన్ని గెలిపించింది, ప్రపంచ ఛాంపియన్‌షిప్ ర్యాలీ గెలిచిన మొదటి మహిళ ఆమె. జిప్సీని "జీపే కదా" అని తీసిపారేసేవాళ్లకు ఈ కథ చెప్పాలనిపిస్తుంది.

మన జిప్సీలో సెంటర్ డిఫరెన్షియల్ లేదు. ఫోర్ వీల్ లివరు వేస్తే ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు తాళమేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టి మీదైతే టైరు జారి ఆ తేడాను మింగేస్తుంది. తారు మీద జారదు కాబట్టి ఆ బిగువంతా షాఫ్టు కీళ్ల (క్రాసుల) మీదా గేర్ల మీదా పడుతుంది. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తిప్పి, లివరు ఊడిరావట్లేదని కొట్టుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. బండిని తిన్నగా కొంచెం వెనక్కి నడిపితే బిగువు వదిలి లివరు దానంతటదే వస్తుంది.

తిరిగి ఆటోనగర్‌లో ఆ రోజు పని సంపు గార్డు, అంటే ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టికి (సంపుకి) రాళ్లు తగలకుండా కాచే రేకు. ఉక్కు 4 మిల్లీమీటర్లదైతే చదరపు మీటరు 31 కిలోలు, అల్యూమినియం 6 మిల్లీమీటర్లదైతే 16 కిలోలు. అల్యూమినియం దొరికింది కాని వంచే చోట చీలింది. గట్టి రకం రేకును పదునైన అంచు మీద వంచితే అంతే. వంపు గుండ్రంగా ఉండాలి, వంచే గీత రేకు రోలింగ్ దిశకు అడ్డంగా ఉండాలి. రెండో ముక్క నిలిచింది. చెడిన ముక్కకు షెడ్డాయన సగం డబ్బే తీసుకున్నాడు, అదీ బతిమాలితే.

గార్డును ఇంజనుకి బిగించకూడదు, చాసిస్‌కే. రాయి గుద్దితే దెబ్బ చాసిస్‌కి పోవాలి గాని సంపుకి కాదు. గార్డుకీ సంపుకీ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి, ఆయిల్ దించే నట్టుకి ఎదురుగా కన్నం ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువమంది మరిచిపోయేది బోల్టు తలల సంగతి. అవి కిందికి పొడుచుకొచ్చి ఉంటే పది కిలోమీటర్ల రాళ్లబాటలో అరిగి గుండ్రమైపోతాయి. ఆ తర్వాత పానా పట్టదు, గార్డు దిగదు, గార్డు దిగకపోతే గేర్‌బాక్సు దిగదు. బోల్టు తల రేకులో మునిగే కప్పు వాషర్లు వేస్తే ఆ బాధ లేదు. ప్రపంచ ర్యాలీల్లో రోజు చివర సర్వీసు 45 నిమిషాలు. అందులో సగం గుండ్రమైన బోల్టులతో కుస్తీకే పోతే మిగతా పని ఎవడు చేస్తాడు?

సాయంత్రం పునుగులు. కాగితం పొట్లంలో అల్లం పచ్చడితో, 30 రూపాయలు. ఉల్లిపాయలు అడక్కుండానే వేస్తారు, వద్దంటే వింతగా చూస్తారు. పునుగుల బండి దగ్గర ఒక డీజిలు పంపు మెకానిక్, ర్యాలీ పని అని తెలిసి, ఇంజనులోకి గాలిని కుక్కే టర్బో గురించి అడిగాడు. ర్యాలీల్లో టర్బో నోటికి కొలిచిన కంత పెడతారనీ, 1990ల నడుమ అది 34 మిల్లీమీటర్లనీ, దాంతో ఎంత మొనగాడి ఇంజనైనా 300 హార్స్‌పవర్ దగ్గర ఆగిపోతుందనీ చెబితే, "కంత పక్కనుంచి గాలి లాగితేనో?" అని వెంటనే అడిగేశాడు. 1995 కాటలూన్యా ర్యాలీలో టొయోటా సరిగ్గా అదే చేసింది. బిగించి ఉన్నప్పుడు కంత కొద్ది మిల్లీమీటర్లు జరిగి పక్కనుంచి గాలి వెళ్తుంది. తనిఖీకి విప్పితే లోపలి స్ప్రింగు దాన్ని యథాస్థానంలోకి తోసేస్తుంది, ఏమీ ఎరగనట్టు. ఆ ఏడాది పాయింట్లన్నీ పోయాయి, ఏడాది నిషేధం పడింది. మెకానిక్ కాసేపు ఆలోచించి, "చేసినోడు మాత్రం పనోడే" అన్నాడు.

శనివారం, జాతీయ రహదారి, మంగళగిరి

పొద్దున బీసెంటు రోడ్డు ఫ్యాన్సీ కొట్టులో ఎర్రటి గోళ్లరంగు ఒక సీసా, 40 రూపాయలు. అది ఎందుకో తర్వాత.

ఆ రోజు పని నడిచిన దూరం కొలిచే ట్రిప్‌మీటరు. సమయం, వేగం, దూరం లెక్కన నడిచే ర్యాలీలో గెలుపోటములు ఈ పెట్టెలోనే ఉంటాయి. చక్రం హబ్బు మీద నాలుగు అయస్కాంతాలు, ఎదురుగా ఒక సెన్సర్. 205/70 ఆర్15 టైరు బరువు కింద ఒక చుట్టుకు సుమారు 2.03 మీటర్లు నడుస్తుంది, అంటే ఒక్కో అయస్కాంతానికి అరమీటరు. సెన్సర్ ముందు చక్రానికే పెట్టాలి. వెనక చక్రం మట్టిలో ఊరికే గిరగిరా తిరిగితే బండి కదలకపోయినా దూరం పెరుగుతుంది. సెన్సర్‌కీ అయస్కాంతానికీ మధ్య సందు ఎక్కువైతే వేగం మీద కొన్ని లెక్కలు తప్పుతుంది, తక్కువైతే బురద గడ్డ తగిలి విరుగుతుంది. వాషర్లు వేసి 3 మిల్లీమీటర్ల దగ్గర ఆపాం.

ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి వైపు వచ్చి, హైవే కిలోమీటరు రాళ్ల మీద కొలత. టైర్లు వేడెక్కాకే మొదలుపెట్టాలి. చల్లటి టైరు, వేడి టైరు ఒకే చుట్టుకొలత ఇవ్వవు. డ్రైవరు పక్కన కూర్చునే నావిగేటరు ప్రతి రాయినీ తలుపు స్తంభానికి సరిగ్గా ఎదురొచ్చినప్పుడే చదవాలి, ఒకసారి బానెట్ దగ్గర, ఇంకోసారి భుజం దగ్గర చదివితే ఒకటి రెండు మీటర్లు అక్కడే పోతాయి. పది రాళ్లకు 9.86 చూపించింది. పెట్టెలో ఉన్న పాత అంకెను 1.0142తో గుణించి పెట్టాం. తిరుగు దిశలో మళ్లీ పది రాళ్లు, 9.99. సరే అనుకోవచ్చు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాళ్లు జరిపి పాతి ఉండొచ్చు కాబట్టి ఒక్క వైపు కొలతను నమ్మకూడదు.

ఇంత చాదస్తం ఎందుకంటే, టైరు 5 మిల్లీమీటర్లు అరిగితే చుట్టుకు 31 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే ఒకటిన్నర శాతం. 60 కిలోమీటర్లకు 900 మీటర్ల తప్పు. గంటకు 36 కిలోమీటర్ల సగటు ఇచ్చారనుకోండి. ఆ సగటుకు కిలోమీటరు సరిగ్గా 100 సెకన్లు, మనసులోనే లెక్క కట్టుకోవచ్చు. 900 మీటర్లంటే 90 సెకన్లు. సెకన్లలో తేలే పోటీలో అది అట్టడుగుకు తోసేస్తుంది.

మంగళగిరిలో కొండెక్కి పానకం. ఎంత పోసినా సగమే స్వామి పుచ్చుకుని సగం భక్తుడికి వదులుతాడని నమ్మకం. దిగుతూంటే ఒకావిడ జిప్సీ చూసి, "మిలిటరీ వాళ్లా బాబూ?" అని అడిగింది. కాదంటే నిరాశపడింది.

ఆదివారం, గుంటూరు నుంచి కొండవీడు

ఫిబ్రవరి నెలలో గుంటూరు చుట్టూ గాలికి కూడా ఘాటే. నరసరావుపేట దారిలో రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రటి దుప్పట్లలా పరిచి ఉన్నాయి. కిటికీలు దించి కిలోమీటరు నడిపితే బండిలో ఉన్నవాళ్లంతా తుమ్ములు. ఇంజనుదీ అదే బాధ. ఆగి ఎయిర్ ఫిల్టరు తీస్తే మడతల్లో సన్నటి దుమ్ము, పైన ఎర్రటి పొట్టు. దాన్ని నేలకేసి కొట్టకూడదు, కాగితం అంచు అతుకు వదిలేస్తుంది. పంక్చర్ కొట్టులో కంప్రెసర్ ఉంది. కుర్రాడు గొట్టం నేరుగా బయటి వైపు పెట్టబోయాడు. అలా ఊదితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగిపోతుంది, గాలి జోరుకి కాగితం చిరిగినా చిరుగుతుంది. లోపలినుంచి బయటికి, జానెడు దూరంనుంచి, మెల్లగా ఊదాలి. ఊదాడు. మిరపపొట్టు లేచి పంక్చర్ కొట్టు మొత్తం దగ్గింది. అప్పటికి మజ్జిగే మందు. పక్కనే కరివేపాకు, అల్లం దంచి వేసిన మజ్జిగ, గ్లాసు 15 రూపాయలు. కుర్రాడికీ రెండు గ్లాసులు చెప్పాం.

ఫిరంగిపురం దాటాక తిరగాల్సిన చోట తిరగలేదు. బోర్డు చూసుకునేలోపే దాటిపోయాం. పొలం గట్టు మీద కూర్చున్న పెద్దాయన, "ఏందయ్యా, కొండవీడు మీ ఎనకాలుంటే ముందుకు బోతన్నారు" అని కర్రతో చూపించాడు. తర్వాత చెప్పిన దారి ర్యాలీలో ఇచ్చే దారి సూచనల పుస్తకానికి, రోడ్‌బుక్కుకి, ఏమీ తీసిపోదు. "వేపచెట్టు కాడ కుడికి, కాలవ దాటి ఎడమకి, గుడి కనబడితే తప్పిపోయినట్టే." ఆ చివరి మాట ముఖ్యం. తప్పు దారిలో ఏం కనపడుతుందో కూడా చెప్పే సూచనే అసలైన సూచన.

కొండవీడు రెడ్డిరాజుల రాజధాని. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటను పట్టుకున్నాడు. ఇప్పుడు పైదాకా ఘాట్‌రోడ్డు ఉంది, పైన చెరువులు, బురుజులు, ఆదివారం కాబట్టి కుటుంబాలు, సెల్ఫీలు. ఇది అందరి రోడ్డు, పోటీ రోడ్డు కాదు. ర్యాలీలో వేగమంతా మూసేసిన దారిలోనే. ఇక్కడ చేయగలిగింది, చేయాల్సింది కూడా, గంటకు 25 వేగంతో నోట్సు రాయడం.

పేస్ నోట్సు అంటే మలుపుని అంకెగా మార్చడం. ఒకటి అంటే దాదాపు ఆగిపోయి తిరిగేది, ఆరు అంటే యాక్సిలరేటరు వదలక్కర్లేనిది. మధ్యలో దూరం మీటర్లలో. ఎక్కువమంది ఇంగ్లీషులోనే చదువుతారు. తెలుగులో అయితే ఎలా ఉంటుందని సరదాకి రెండు పేజీలు రాశాం. "ఎడమ మూడు బిగుస్తుంది, నలభై, కుడి రెండు విచ్చుకుంటుంది, లోపల రాయి." వినడానికి ముచ్చటగా ఉంది గాని గడియారం పెట్టి చూస్తే, "లెఫ్ట్ త్రీ టైటెన్స్" కన్నా "ఎడమ మూడు బిగుస్తుంది" అరసెకను ఎక్కువ. 80 కిలోమీటర్ల వేగంలో అరసెకనంటే 11 మీటర్లు. "బిగుస్తుంది"ని "బిగు" అనీ, "విచ్చుకుంటుంది"ని "విచ్చు" అనీ కుదించితే సరిపోయింది. "లోపల రాయి" మాత్రం ఇంగ్లీషు "డోంట్ కట్" (మలుపు లోపలి అంచును కోసుకుంటూ పోవద్దు) కన్నా మంచి నోటు. చేయకూడదని చెప్పడం కాదు, ఎందుకు చేయకూడదో కళ్లకు కట్టిస్తుంది.

దిగేటప్పుడు బ్రేకులు. రెండో గేరులో దిగితే ఇంజనే పట్టుకుంటుంది. న్యూట్రల్‌లో దిగే బైకులు మమ్మల్ని దాటుకుంటూ పోతుంటే కాలిన లైనింగు వాసన మా ముక్కుదాకా వచ్చింది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తేమ ఎక్కాక 140కే. డాట్ 4కి ఇవి 230, 155. డాట్ 5.1కి 260, 180. మరిగితే ఆవిరి బుడగ, బుడగ అణుగుతుంది, పెడలు నేలకి. కాబట్టి ర్యాలీకి ముందు సీసా కొత్తది తెరవాలి, సగం వాడి మూతపెట్టి దాచినదాన్ని చెత్తబుట్టలో వేయాలి. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకి అన్నిటికన్నా దూరమైన ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు.

సోమవారం, కమాన్ల షెడ్డు

గోళ్లరంగు సంగతి. శనివారం బయల్దేరే ముందు, ఇరుసుకి కమాను కట్టను పట్టి ఉంచే యూ బోల్టుల నట్లన్నిటి మీదా, నట్టు నుంచి ప్లేటు దాకా ఒక్కో ఎర్రగీత గీశాం. నాలుగు కట్టలు, కట్టకు రెండు బోల్టులు, బోల్టుకి రెండు నట్లు, మొత్తం 16. నట్టు తిరిగితే గీత విరుగుతుంది. పానా అక్కర్లేదు, టార్చి చాలు. సర్వీసులో రెండు నిమిషాల పని.

సోమవారం చూస్తే 13 గీతలు అతుక్కునే ఉన్నాయి. ఎడమ వెనక కట్ట దగ్గర మూడు విరిగాయి. యూ బోల్టు వదులైతే భారమంతా మధ్యలో ఉన్న సెంటర్ బోల్టు మీద పడుతుంది, అది తెగితే ఇరుసు ఒకవైపు వెనక్కి జరిగి బండి పీతలా పక్కకి నడుస్తుంది. నాలుగిట్లో ఆ ఒక్క కట్టకే ఎందుకు?

పెద్దాయన కిందికి దూరి, ప్లేటు అంచున గోరుతో గీకాడు. నల్లటి పెయింటు పొరలుగా ఊడింది. మిగతా మూడు కట్టలకూ ప్లేట్లు గీకి బిగించారు. దీనికి మాత్రం కుర్రాడు అందంగా ఉంటుందని లోపలి వైపు కూడా రెండు కోట్లు వేశాడు. బిగువు కింద పెయింటు నలిగి పల్చబడితే బోల్టు లాగుడు తగ్గిపోతుంది, ఎంత బలంగా బిగించినా అంతే. కుర్రాడు తలొంచుకుని ఎమెరీ కాగితం తీసుకున్నాడు. ప్లేటు తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్ది, బిగించి, 50 కిలోమీటర్లు తిరిగొచ్చాక మళ్లీ బిగించాలని తనే చెప్పాడు. సీసాలో మిగిలిన గోళ్లరంగు అడిగి తీసుకుని, పక్కన నిలబడ్డ లారీ చక్రాల నట్లకు గీతలు గీయడం మొదలుపెట్టాడు.